పొదల్లో జింక వేట: తూటాలు కొనే ముందు, ట్రిగ్గర్ నొక్కే ముందు

పెన్సిల్వేనియాలో రైఫిల్‌తో జింకల వేట థాంక్స్‌గివింగ్ దాటిన శనివారం మొదలవుతుంది. అప్పటికి ఓక్, మేపుల్ ఆకులన్నీ రాలిపోయి అడవి బోడిగా ఉంటుంది. కొండవాలుల్లో మౌంటెన్ లారెల్ మాత్రం ఆకు రాల్చదు. ఆ రాష్ట్ర పుష్పం అదే. జూన్‌లో పూసినప్పుడు పక్కన నిలబడి ఫొటో దిగడానికి బావుంటుంది గానీ, డిసెంబరులో అందులో దూరితే పది గజాల అవతల ఏముందో తెలియదు. మనిషి ఎత్తున వంకర టింకరగా అల్లుకున్న కొమ్మలు. మొదటిరోజు తుపాకుల మోత మొదలవగానే కొమ్ముల జింకలు దూరేది సరిగ్గా అందులోకే.

అందుకే కొత్తగా వేటకు దిగే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, .45-70 అనే లావుపాటి తూటా అయితే కొమ్మల్ని చీల్చుకుంటూ పోతుందట కదా, అదే కొనేదా?"

కొనొచ్చు. కానీ ఆ కారణంతో వద్దు. కొమ్మల్ని కోసుకుంటూ తిన్నగా వెళ్ళి జింకకు తగిలే తూటా ఏ షాపులోనూ లేదు. బరువైన మొద్దు ముక్కు బుల్లెట్‌ను పొదలేమీ చేయలేవన్న నమ్మకం తరాల నాటిది, అందుకే అంత త్వరగా పోదు. గుండ్రటి కర్రపుల్లల్ని వరసగా పాతి, వాటి మధ్యగా గురి మీదికి కాల్చి చూసే పరీక్షలు అమెరికాలో వేటగాళ్ళు చాలా ఏళ్ళుగా చేస్తూనే ఉన్నారు. చిన్నదీ పెద్దదీ, వేగమైనదీ నిదానమైనదీ, అన్నీ పక్కకు పోతున్నాయి. బరువైనది కొన్నిసార్లు కాస్త తక్కువగా పోతుంది, అంతే. ఆ 'కొన్నిసార్లు'ను నమ్ముకుని ఒక ప్రాణి మీదికి కాల్చకూడదు.

ఎంత పక్కకు పోతుందో లెక్క వేసి చూడండి. రెమ్మ తగిలి బుల్లెట్ ఒక్క డిగ్రీ తిరిగిందనుకుందాం. ఆ రెమ్మ జింకకు ఐదు గజాల ఇవతల ఉంటే బుల్లెట్ మూడంగుళాలు పక్కన పడుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది, పది అంగుళాల వెడల్పు ఉంటుంది కాబట్టి గట్టెక్కొచ్చు. అదే రెమ్మ మీ తుపాకీ మూతి ముందే ఉండి, జింక యాభై గజాల్లో ఉంటే, అదే ఒక్క డిగ్రీ 31 అంగుళాలవుతుంది. గుండెకు పెట్టిన గురి పొట్టలో దిగుతుంది, లేదా జింకకే తగలదు. పైగా రెమ్మ తగిలిన బుల్లెట్ ముక్కు ముందుకు పెట్టుకుని పోదు. అడ్డం తిరిగి పల్టీలు కొడుతుంది. అలా తగిలితే ముక్కు పువ్వులా విచ్చుకోవాల్సినట్టు విచ్చుకోదు. పొట్టలో దెబ్బ తిన్న జింక గంటల తరబడి నరకం చూసి, ఎవరికీ దొరకని చోట చస్తుంది.

కాబట్టి జింక దగ్గరి పుల్ల కంటే మీ దగ్గరి పుల్ల ఎక్కువ ప్రమాదం. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఇంకొకటుంది. స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, బ్యారెల్‌కు సుమారు ఒకటిన్నర అంగుళం పైన ఉంటుంది. మోకాలి మీద కూర్చుని, పడిపోయిన దుంగ మీదుగా చూస్తే స్కోప్‌లో జింక భుజం తేటగా కనిపిస్తుంది. బ్యారెల్ మూతి మాత్రం ఆ దుంగ బెరడుకే గురిపెట్టి ఉంటుంది. లారెల్ రెమ్మ అయితే స్కోప్‌లో అసలు కనిపించదు, అంత దగ్గరి వస్తువు మసకగా కలిసిపోతుంది. కాల్చే ముందు ఒక్కసారి తల ఎత్తి, మామూలు కళ్ళతో బ్యారెల్ ముందర ఏముందో చూసుకోండి. స్కోప్ పవర్ తిప్పేది అయితే అన్నిటికంటే తక్కువ అంకె మీద పెట్టి నడవండి. తొమ్మిది రెట్లు పెద్దగా చూపే అంకె మీద పెట్టుకుని పొదల్లోకి చూస్తే జింక బదులు బూడిదరంగు బొచ్చు ముక్క ఒకటి కనిపిస్తుంది. అది భుజమో తొడో తేలేలోపు జింక వెళ్ళిపోతుంది.

మరి పొదల కోసం తూటా ఎంచుకోవడంలో అర్థమే లేదా అంటే, ఉంది. కాకపోతే పొదను చూసి కాదు, పొదలోకి పరుగెత్తే జింకను చూసి ఎంచుకోవాలి. గట్టి దెబ్బ తిన్న జింక కూడా యాభై, వంద గజాలు పరుగెత్తొచ్చు. మైదానంలో అది పడేదాకా చూస్తూ ఉండొచ్చు. లారెల్‌లో మూడు గంతుల్లో మాయమవుతుంది. ఇక మిగిలేది నెత్తుటి జాడ ఒక్కటే. అటువైపు నుంచి బుల్లెట్ బయటికొస్తే రెండు రంధ్రాల నుంచీ రక్తం కారుతుంది, జాడ పోల్చుకోవడం తేలిక. అందుకని ఇక్కడ వాడే బుల్లెట్ విచ్చుకోవాలి, విచ్చుకున్నా ముక్కలైపోకుండా అటువైపు దాకా పోవాలి. దూరం పోయినా బుల్లెట్ ఎంత తక్కువ జారుతుందో అట్టపెట్టె మీద వేసే గొప్పలు ఇక్కడ దండగ, ఎందుకంటే పొదల్లో వంద గజాలు దాటి కాల్చే అవకాశం చాలా అరుదు.

ఈ పనికి 1895లో వచ్చిన .30-30 వించెస్టర్ ఇప్పటికీ సరిపోతుంది. దాంట్లో 150 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు సుమారు 2390 అడుగుల వేగంతోనూ, 170 గ్రెయిన్లది 2200 అడుగుల వేగంతోనూ బయల్దేరుతుంది. గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత, ఆ లెక్క మనకు కొత్తగా అనిపిస్తుంది గానీ పాత తులం, అంటే 11.66 గ్రాములు, సరిగ్గా 180 గ్రెయిన్లే. .35 రెమింగ్టన్‌లో 200 గ్రెయిన్లది ఇంకా నిదానం, మంచి గాయం చేస్తుంది గానీ అన్ని షాపుల్లో దొరకదు. మీ దగ్గర .308 గానీ .30-06 గానీ ఉంటే పొదల కోసమని వేరే తుపాకీ కొనకండి. 150 లేదా 165 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్ (ముక్కు దగ్గర మెత్తటి సీసం బయటికి ఉండే) తూటాలు తీసుకోండి, చాలు. .243 ఉన్నవాళ్ళు తేలికపాటి బుల్లెట్ల జోలికి పోకుండా 95, 100 గ్రెయిన్లవి వాడాలి. ఆ తేలికవి నక్కల్లాంటి చిన్న జంతువుల కోసం చేసినవి, భుజం ఎముక మీదే చిట్లిపోతాయి. బుల్లెట్‌ను ఇంకా వేగంగా పంపే మ్యాగ్నమ్ రైఫిళ్ళతో ఇబ్బంది ఇంకో రకం. ముప్పై గజాల్లో వేగం ఇంకా తగ్గి ఉండదు, మెత్తటి బుల్లెట్ పేలినట్టు ముక్కలై ముందు భుజం మాంసమంతా పాడుచేస్తుంది. వాటికి బాండెడ్ (సీసం పై తొడుగుకు అతుక్కుని ఉండేది) అనో, మొత్తం రాగితో చేసినవనో పెట్టె మీద రాసి ఉన్నవి మేలు.

ఫుల్ మెటల్ జాకెట్, అంటే ముక్కుతో సహా లోహపు తొడుగు కప్పిన బుల్లెట్, మాత్రం వద్దే వద్దు. రేంజ్‌లో కాల్చడానికి చవక, అందుకే ఇంట్లో పెట్టెలు మిగిలి ఉంటాయి. అది విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి పోతుంది, జింక దొరకదు. పెన్సిల్వేనియాలో జింకకు తగిలితే విచ్చుకునే బుల్లెట్ వాడాలన్నది చట్టం కూడా. అక్కడ జింక మీద సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కూడా పనికిరాదు. ఫిలడెల్ఫియా శివారు ఎక్స్‌టన్ చుట్టుపక్కల, పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు మరొకటి గుర్తుపెట్టుకోవాలి. ఫిలడెల్ఫియా శివారు జిల్లాలూ, పిట్స్‌బర్గ్ ఉన్న అలెగెనీ కౌంటీ ప్రత్యేక నిబంధనల ప్రాంతాలు. అక్కడ ఈ రైఫిళ్ళతో జింకను కొట్టకూడదు. ఆ సంవత్సరం నిబంధనల పుస్తకం చూడకుండా తూటాలు కొనడం డబ్బు దండగ.

డబ్బు కంటే పెద్ద తలనొప్పి వీసా. హెచ్1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. తుపాకీ కొనేటప్పుడు నింపే ఫారం 4473లో దీనికి ప్రత్యేకంగా ప్రశ్న ఉంటుంది కాబట్టి అక్కడ ఎవరూ పొరపడరు. తూటాల పెట్టెకు ఫారమేమీ అడగరు, సరుకులతో పాటు కౌంటర్ మీద పెట్టి డబ్బు కట్టి వచ్చేస్తారు. కానీ ఆ చట్టం తూటాలకూ వర్తిస్తుంది. పెన్సిల్వేనియా లైసెన్సు జూన్ 30తో అయిపోతుంది. జులై ఒకటిన మీ అల్మారాలో రైఫిలూ, సగం వాడిన పెట్టే ఉండి, లైసెన్సు రెన్యూ చేయకపోతే మీరు చిక్కులో ఉన్నట్టే. గ్రీన్‌కార్డు వాళ్ళకు ఈ గొడవ లేదు. స్నేహితుడి తుపాకీ కదా, ఒక్క రోజే కదా అనుకునేవాళ్ళు ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

తూటా మీ తుపాకీదేనా అన్నది చూసే పద్ధతి ఒక్కటే. బ్యారెల్ మీద చెక్కి ఉన్న పేరూ, తూటా అడుగున ఇత్తడి మీద అచ్చుగుద్దిన పేరూ అక్షరం అక్షరం ఒకటే కావాలి. 'థర్టీ క్యాలిబరే కదా' అంటే కుదరదు. .308 తూటా .30-06 రైఫిల్‌లో పట్టేస్తుంది, కేస్ (ఇత్తడి గొట్టం) పొట్టిది కాబట్టి వదులుగా కూర్చుంటుంది, పేలిస్తే కేస్ చీలి వేడి గ్యాస్ మొహం మీదికి రావచ్చు. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్‌లోకి వెళ్ళి పేలితే రైఫిలే బద్దలవుతుంది. క్యాంపులో నలుగురివి నాలుగు రైఫిళ్ళుంటే టేబుల్ మీద తూటాలు కలిసిపోవడం మామూలే. ఎవరి పెట్టె వాళ్ళ సంచిలోనే ఉండాలి. జేబులో రెండు రకాలు వేసుకోవద్దు.

ట్రిగ్గర్ చుట్టూ ఉండే పిడిని కిందికీ పైకీ ఆడించి తూటా ఎక్కించే లీవర్ రైఫిళ్ళలో ఇంకో చిక్కుంది. బ్యారెల్ కింద గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి, వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే మందు అంటించే అడుగు బిళ్ళకు) ఆని ఉంటుంది. ఆ ముక్కు సూదిగా గట్టిగా ఉంటే, రైఫిల్ అదిరినప్పుడు గొట్టంలోనే పేలొచ్చు. అందుకే వీటికి బల్లపరుపు ముక్కువి, లేదా మెత్తటి రబ్బరులాంటి కొన ఉన్న హార్నడీ లెవరెవల్యూషన్ లాంటివి మాత్రమే వాడాలి. ఇక .45-70 అన్నది 1873 నాటిది. తాతల కాలపు, పైకి తెరుచుకునే మూత ఉన్న ట్రాప్‌డోర్ రైఫిల్ ఎవరైనా ఇస్తే అందులో ఇప్పటి హై ప్రెషర్ తూటాలు వేయకండి. ఆధునిక రైఫిళ్ళకు మాత్రమే అని పెట్టె మీద రాసే ఉంటుంది.

కొన్నాక, వేటకు తీసుకెళ్ళబోయే అదే రకం తూటాతో గురి సరిచూసుకోవాలి. కంపెనీ మారినా, బరువు మారినా అదే రైఫిల్‌లో బుల్లెట్ వేరేచోట పడుతుంది. ముందు 25 గజాల్లో కాల్చి అట్ట మీద పడుతోందో లేదో చూసి, తర్వాత వంద గజాలకు వెళ్ళండి. సీజను ముందు వారం షెల్ఫులు ఖాళీ అవుతాయి, అప్పుడు దొరికిందేదో కొని నేరుగా అడవికి పోతే ఆ టెన్షన్ అంతా జింక మీద పడుతుంది. సెప్టెంబరులో ఒకే లాట్ నంబరువి, అంటే ఒకే విడతలో తయారైనవి, రెండు పెట్టెలు కొని పెట్టుకుంటే బెంగ ఉండదు. చెవులకు మఫ్‌లు మర్చిపోవద్దు, ఒక్క రైఫిల్ మోతకే వినికిడి పోవచ్చు.

పొదల్లో పాకుతూ వెళ్ళినప్పుడు బ్యారెల్ మూతిలోకి మంచో మట్టో దూరుతుంది. అనుమానం వస్తే తూటాలన్నీ తీసేసి, లోపలికి వెలుతురు కనిపిస్తోందా అని తూటా ఎక్కించే వెనక వైపు (బోల్ట్ వైపు) నుంచి చూడండి. ఏదైనా అడ్డం ఉండగా కాలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతి క్షేమమైన వైపు ఉంచి అర నిమిషం ఆగి అప్పుడే తెరవండి. మోత ఎప్పటికన్నా పీలగా వినిపిస్తే బుల్లెట్ లోపలే ఇరుక్కుని ఉండొచ్చు, రెండోది కాల్చొద్దు.

ఆకుల అలికిడికి, కదిలే గోధుమరంగుకు కాల్చకూడదు. తలా, భుజమూ, దాని వెనక మట్టిగట్టూ మూడూ కనిపించాలి. పొద అవతల ఏముందో తెలియనప్పుడు ఎంత మంచి కొమ్ములున్నా వదిలేయడమే. జింకను దాటిన బుల్లెట్, లేదా అసలు తగలనిది, చాలా దూరం పోతుంది. .30-06 పైకెత్తి కాలిస్తే రెండు మైళ్ళు దాటుతుంది. మనుషులుండే ఇళ్ళకు 150 గజాల లోపల వేటాడకూడదు. తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు ఎటునుంచి చూసినా కనిపించాలి. ఇవి పెన్సిల్వేనియా నిబంధనలు. చలికని ఆ చొక్కా మీద ముదురురంగు జాకెట్ వేసేసేవాళ్ళను చూస్తే భయమేస్తుంది.

కాల్చాక వెంటనే పొదలోకి ఉరకొద్దు. జింక చివరిసారి కనిపించిన కొమ్మను, అది నిలబడిన చోటును గుర్తుపెట్టుకోండి. ప్రాణస్థానంలో తగిలిందని నమ్మకముంటే అరగంట ఆగండి, పొట్టలో తగిలిందనిపిస్తే ఇంకా చాలా గంటలు. నురగ కలిసిన ఎర్రటి రక్తం ఊపిరితిత్తులది. పచ్చగా, వాసనతో ఉంటే పొట్ట. జాడ దొరికిన ప్రతిచోటా తెల్ల టిష్యూ ముక్క ఒకటి రెమ్మకు తగిలించుకుంటూ పోతే, జాడ తప్పినా వెనక్కి తిరిగి వరస చూసుకోవచ్చు.

వండే ముందు సీసం సంగతి. మామూలు బుల్లెట్ల సీసం కంటికి కనిపించనంత సన్నటి ముక్కలై గాయానికి దూరంగా కూడా మాంసంలో ఉండిపోతుంది. 2008లో నార్త్ డకోటా ఆరోగ్యశాఖ విరాళంగా వచ్చిన జింక కీమాను పేదలకు పంచొద్దని చెప్పింది ఇందుకే. గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయండి, ముఖ్యంగా కీమా కొట్టించేటప్పుడు. ఇంట్లో చిన్నపిల్లలో, గర్భిణులో ఉంటే ఖర్చైనా రాగి బుల్లెట్లే కొనండి.

ఈ వేట సంచితో హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కకండి. సంచి అడుగున కుట్టులో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు దొరికితే ఆయుధాల చట్టం కింద కేసవుతుంది, మర్చిపోయానంటే వెంటనే వదిలేయరు. ఇక్కడి అలవాటుతో ఊళ్ళో పొలంగట్టున తుపాకీ పట్టే ఆలోచనే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పినైనా కృష్ణజింకనైనా వేటాడితే జైలే. వేట సంచి వేరు, ప్రయాణం సంచి వేరుగా కొనుక్కోండి. ఖాళీ ఇత్తడి కేసులను గుర్తుగా కీచెయిన్‌కు తగిలించుకునే అలవాటుంటే, అదీ ఇంట్లో పెట్టి బయల్దేరండి.