జీపుకి ఇంజిన్ మార్చారా? క్రౌన్ సంగతీ చూడండి

బెంగళూరులో పాత జీపులకి డీజిల్ ఇంజిన్ వేయించే మనవాళ్లు చాలామంది డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండి చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె, అందులోని పెద్ద పళ్లచక్రమే క్రౌన్) ఊసే ఎత్తరు. పాత జీపు మోడల్ సీజే-3బీ యాక్సిల్ రేషియో 5.38, అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కి వెళ్లే కడ్డీ) 5.38 చుట్లు తిరగాలి. టాప్ గేరు 1:1, టైర్లు 29 అంగుళాలు అయితే గంటకు 80 కిలోమీటర్లకే ఇంజిన్ సుమారు 3,100 ఆర్‌పీఎం తిరుగుతుంది. హోసూరు రోడ్డెక్కితే ఒకటే గోల!

0.8 ఓవర్‌డ్రైవ్ (షాఫ్ట్ కన్నా ఇంజిన్ నెమ్మదిగా తిరిగే పై గేరు) ఉన్న గేర్‌బాక్స్ వేస్తే అదే వేగానికి 2,500 లోపే. క్రౌన్ జోలికి పోలేదు కాబట్టి సకలేశపుర బురదలోనూ లాగుతుంది, ఫస్ట్ గేరు రేషియో మాత్రం పాతదానికి తగ్గకుండా చూసుకోండి.

మీ బండి రేషియో తెలియదా? ముందు చక్రాలకి అడ్డుపెట్టి, వెనక యాక్సిల్‌ని స్టాండ్ల మీద నిలిపి, న్యూట్రల్‌లో పెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, వెనక చక్రాలు రెండూ కలిపి ఒక చుట్టు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో.

క్రౌన్ మార్చాల్సే వస్తే ముందూ వెనకా ఒకే రేషియో వేయించండి. ఖర్చని ఒకదానితో సరిపెడితే ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు, వెనక యాక్సిల్స్‌కి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకే ఎసరు.