తుఫాను నెలలకు ముందే హెపా 1-6 కణాలను భద్రం చేసుకోండి

అక్టోబర్ వచ్చిందంటే విశాఖవాసుల చూపు సముద్రం వైపే ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజు ఇంక్యుబేటర్‌లో కణాలు పెరుగుతున్న ఒక్క ఫ్లాస్కే మీ దిక్కయితే థీసిస్ పనంతా పోయినట్టే. అందుకే సెప్టెంబరులోనే మేలుకొని కొన్ని కణాలను ఫ్రీజ్ చేసి దాచుకోండి.

ఎలుక కాలేయ క్యాన్సర్ కణాల్లో చాలామంది వాడేది హెపా 1-6. ఫ్రీజ్ చేసే ముందు మైకోప్లాస్మా (పెంచే కణాల్లో చేరే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష తప్పకుండా చేయించండి. దానికి కణ గోడ ఉండదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు, మామూలు మైక్రోస్కోపులో కనిపించదు, మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం) కూడా మసకబారదు. నా పీహెచ్‌డీ రోజుల్లో మేం పరీక్షించకుండా దాచిన వయల్స్ (కణాలు దాచే చిన్న గొట్టాలు) అన్నింట్లోనూ అది ఉందని ఏడాది తర్వాత తెలిసింది. ఆ బాధ ఇంకెవరికీ రాకూడదు.

ఫ్లాస్కు పూర్తిగా నిండకముందే, కణాలు చురుగ్గా పెరుగుతున్నప్పుడే తీయండి. గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే రసాయనం డీఎంఎస్‌వో 10 శాతం కలిపాక బయట ఎక్కువసేపు ఉంచొద్దు. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబడేలా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచి, తర్వాత ద్రవ నైట్రోజన్‌లోకి మార్చేయండి. మైనస్ 80 ఫ్రీజర్‌కు కరెంటు కావాలి, నైట్రోజన్ క్యాన్‌కు అక్కర్లేదు. కానీ చెట్లు కూలి దారులు మూసుకుపోతే నైట్రోజన్ బండి రాదు. తుఫాను హెచ్చరిక వినగానే చెక్క స్కేలుతో మట్టం చూసి నింపించండి. సగం వయల్స్ వేరే ల్యాబులో దాచండి. వారం తర్వాత ఒక వయల్ కరిగించి చూడండి, కణాలు బతికి ఫ్లాస్కు అడుగుకు అతుక్కుంటేనే ఆ స్టాక్‌ను నమ్మొచ్చు.

క్యాన్ తెరిచేటప్పుడు ముఖానికి షీల్డ్, చేతులకు క్రయో గ్లోవ్స్ (అతి చలిని తట్టుకునే తొడుగులు) తప్పనిసరి. లోపలికి ద్రవ నైట్రోజన్ దూరిన వయల్ బయటికి తీయగానే పేలొచ్చు. కిటికీలు మూసిన గదిలో ఈ పని అసలు వద్దు, నైట్రోజన్ ఆవిరై నిండితే గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఊపిరాడటం లేదని మనకు తెలిసేలోపే స్పృహ తప్పుతుంది.

కరెంటు పోతే ఇంక్యుబేటర్ తలుపు తెరవకండి. ఫ్లాస్కులు బయటికి తీయక తప్పకపోతే హెపెస్ (ఆమ్ల-క్షార స్థాయి మారకుండా చూసే రసాయనం) కలిపిన మీడియా పోసి, గాలి ఆడని మూతలు గట్టిగా బిగించండి.