కారు తలుపులు రిమోట్‌కి పలకకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోకముందే సగం పని అయిపోతుంది. డ్రైవర్ తలుపు లోపలి లాక్ బటన్ నొక్కి చూడండి. నాలుగు తలుపులూ టక్కున పడితే మోటార్లు, ఫ్యూజు, వైర్లు బాగున్నట్టే. ఇక చూడాల్సింది రిమోట్‌ని, దాని సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని. మూడు పడి ఒకటి పడకపోతే తప్పు ఆ తలుపులోనో, దాని వైర్లలోనో ఉంది. ఏదీ కదలకపోతే ఫ్యూజు, ఆ తర్వాత డ్రైవర్ తలుపు వైర్లు. అన్నీ లాక్ అయిన మరుక్షణమే తెరుచుకుంటుంటే, ఏదో తలుపు తీసే ఉందని కారు అనుకుంటోంది. డ్యాష్‌బోర్డులో తలుపు గుర్తు వెలుగుతోందేమో చూడండి. వెనక తలుపు లోపలినుంచి మాత్రమే తెరుచుకోకపోతే అది రిపేరే కాకపోవచ్చు. తలుపు అంచున ఉండే చైల్డ్ లాక్ మీట ఎవరి చేయో తగిలి పడి ఉంటుంది.

రిమోట్ దగ్గర మొదటి పరీక్ష రెండో కీ. అది పనిచేస్తే కారు జోలికి వెళ్లక్కర్లేదు. పనిచేయని రిమోట్ విప్పి సెల్లు మార్చండి. చిన్న లైటు వెలిగినంత మాత్రాన సెల్లు బాగున్నట్టు కాదు, లైటుకు సరిపోయే కరెంటు సిగ్నల్ పంపడానికి చాలదు. మల్టీమీటర్‌లో 3 వోల్టులు చూపించినా నమ్మొద్దు. లిథియం సెల్లు చివరిదాకా అంతే చూపించి, బటన్ నొక్కగానే కిందికి జారిపోతుంది. సెల్లు మీది అంకెలే దాని కొలత: సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. దాని చోట 1.6 మిల్లీమీటర్ల సీఆర్2016 పెడితే వదులై, ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. సెల్లు కొత్తదైనా ఇదే తీరుంటే సెల్లు పట్టే రేకుల దగ్గర, బటన్ల కింద టంకం పగిలిందేమో వెలుతురులో చూడండి. నొక్కి నొక్కి బటన్ దగ్గరే ఎక్కువగా పగులుతుంది.

రిమోట్ పైకేసు మార్పించేటప్పుడు ఒక జాగ్రత్త. పాత కేసులో ఓ మూల చిన్న నల్ల ముక్క ఒకటి ఉండవచ్చు. అది ఇమ్మొబిలైజర్ చిప్, అంటే ఇది అసలు కీయేనని కారుకు చెప్పేది. దానికి సెల్లుతో పనిలేదు. దాన్ని కొత్త కేసులోకి మార్చకపోతే తలుపులు తెరుచుకుంటాయి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ కాదు.

రెండు కీలూ పలకకపోతే బండిని వేరే చోటికి తీసుకెళ్లి నొక్కండి. మన దేశంలో ఎక్కువ రిమోట్లు 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. చౌకరకం డ్యాష్‌క్యామ్ అడాప్టర్, యూఎస్‌బీ చార్జర్ ఆ సిగ్నల్‌ని మింగేయగలవు. వాటిని పీకి చూడటానికి ఖర్చేమీ లేదు. ఫోన్ కెమెరాలో రిమోట్ వెలుగు కనిపించాలని కొందరు చెబుతారు. అది టీవీ రిమోట్‌కి చేసే పరీక్ష, రేడియో సిగ్నల్ కెమెరాకు కనిపించదు. సెల్లు మార్చాక కొన్ని రిమోట్లు కారుతో మళ్లీ కలవాలి. కీ ఎన్నిసార్లు తిప్పాలో, ఏ బటన్ నొక్కాలో ఆ మోడల్ ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, ఊహించి చేయకండి.

పుష్ బటన్ స్టార్ట్ కార్ల పద్ధతి వేరు. హ్యాండిల్ బటన్ నొక్కగానే కారే 125 లేదా 134 కిలోహెర్ట్జ్ మీద దగ్గర్లోని కీని పిలుస్తుంది, కీ దాని రేడియోతో జవాబిస్తుంది. కాబట్టి కీ మీది బటన్లు పనిచేస్తూ హ్యాండిల్ బటన్ పనిచేయకపోతే హ్యాండిల్లోని స్విచ్, యాంటెనా, వాటి వైర్లు చూడాలి. కీ పూర్తిగా చచ్చిపోతే దాని లోపలి ఇనుప తాళంచెవితో తలుపు తీసి, కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి పట్టుకుని నొక్కండి. చాలా మోడళ్లలో ఇంతే, కొన్నింట్లో కీ పెట్టే చోటు వేరే ఉంటుంది.

ఇక కరెంటు. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీ 12.4 వోల్టులకు పైనే ఉండాలి. నీరసంగా ఉంటే నాలుగు మోటార్లు ఒకేసారి లాగేటప్పుడు లాకులు సగంలో ఆగిపోతాయి. ఫ్యూజు పదే పదే పోతుంటే పెద్దది వేయొద్దు, వైరు కాలుతుంది. తలుపుల కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) ఒక్కొక్కటే విప్పుతూ లాక్ నొక్కండి. ఏ తలుపు విప్పాక ఫ్యూజు నిలబడిందో షార్టు అందులోనే.

ఆ షార్టు గానీ, తెగిన వైరు గానీ ఎక్కువగా దొరికేది తలుపుకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో, అందులోనూ డ్రైవర్ తలుపు దగ్గర. రోజుకు పదిసార్లు మడతపడే చోటు అది. ఒకరు లాక్, అన్‌లాక్ నొక్కుతుంటే మీరు తలుపును సగం తెరిచి గొట్టాన్ని అటూ ఇటూ వంచండి. లాకు ఉన్నట్టుండి పలికితే దొంగ దొరికినట్టే. అదే తలుపు పవర్ విండో, అద్దం కూడా మొరాయిస్తుంటే సందేహమే అక్కర్లేదు. రాగి లోపల తెగినా పైతొడుగు నిక్షేపంగా కనిపిస్తుంది, అందుకని ఒక్కో వైరునీ మెల్లగా లాగి చూడాలి. తెగినది సాగుతుంది. అతుకు మడతపడే చోట వేస్తే మళ్లీ అక్కడే తెగుతుంది. ఆ ముక్క తీసేసి, మెత్తని సన్నపోగుల వైరు వేసి, రెండు అతుకులూ గొట్టానికి బయటే పడేలా టంకం పెట్టి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని అతుకును పట్టేసే గొట్టం) తొడగండి. మెలిపెట్టి టేపు చుట్టింది ఒక వానాకాలం దాటదు.

ఒక్క తలుపే పనిచేయనప్పుడు డోర్ ప్యాడ్ (తలుపు లోపలివైపు అట్ట) విప్పక తప్పదు. కొన్ని కార్ల తలుపుల్లో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉంటుంది. అందుకని ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగండి. హ్యాండిల్ వెనక, చేయి పట్టుకునే గుంటలో దాక్కున్న స్క్రూలు తీశాకే ప్యాడ్‌ని లాగాలి. కొన్ని క్లిప్పులు విరుగుతాయి, అరడజను ముందే తెచ్చుకోండి. లోపలి ప్లాస్టిక్ షీటును చింపొద్దు. స్పీకర్లు పెట్టినవాళ్లు దాన్ని చించి వదిలేసిన తలుపుల్లోనే నీరు చేరి కప్లర్లకు పచ్చచిలుం పడుతుంది. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోతే ఇంకా త్వరగా.

లాక్ మోటారుకు వెళ్లేవి రెండు వైర్లు. లాక్ నొక్కితే ఒకవైపు ప్లస్, అన్‌లాక్ నొక్కితే రెండోవైపు ప్లస్, అదీ ఒక్క సెకను లోపే. డిజిటల్ మీటరు అంత చిన్న దెబ్బను పట్టుకోలేకపోవచ్చు. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు తగిలించి, బ్యాటరీ తిరిగి కలిపాక మోటారు కప్లర్‌లోని ఆ రెండు వైర్ల మధ్య పెట్టండి. రెండుసార్లూ బాగా మెరిసి మోటారు కదలకపోతే మోటారు పోయింది. ఒకవైపే మెరిస్తే తప్పు రిలేలో (మోటారుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్), లాక్ స్విచ్‌లో లేదా ఒక వైరులో. మసకగా మెరిస్తే ఎక్కడో చిలుం. ఈ కప్లర్‌లోనే లాకు స్థితి చెప్పే సన్నని వైర్లు కూడా ఉంటాయి. వాటికి నేరుగా 12 వోల్టులు తాకిస్తే, లాకులు నడిపే కంట్రోల్ యూనిట్ బీసీఎం కాలిపోయే ప్రమాదం ఉంది.

మోటారు మార్చేముందు ఇంకో పరీక్ష. తలుపు తెరిచి, స్క్రూడ్రైవర్‌తో లాచ్‌ని (తలుపు అంచున ఉండే, మూసినప్పుడు పట్టుకునే కొక్కేన్ని) రెండు టక్కులు పడేదాకా తిప్పి లాక్ నొక్కండి. అప్పుడు పనిచేసి, తలుపు మూశాక పనిచేయకపోతే మోటారు మంచిదే. బాడీ వైపు స్ట్రైకర్ (లాచ్ పట్టుకునే కడ్డీ) జరిగింది, లేదా రబ్బరు బీడింగ్ తోస్తోంది. తలుపు మూసేముందు హ్యాండిల్ లాగి లాచ్‌ని తెరవడం మరవొద్దు, లేకపోతే స్ట్రైకర్ గుద్దుకుని వంగుతుంది. మోటారును లాచ్‌కి కలిపే రాడ్డు చేత్తో కదిపినా బిగుసుగా ఉంటే లాచ్ శుభ్రం చేసి వైట్ లిథియం గ్రీజు పెట్టండి.

బయట పెట్టించిన సెంట్రల్ లాకింగ్ కిట్ అయితే డ్రైవర్ తలుపు మోటారుకు మామూలుగా ఐదు వైర్లు. నీలం, ఆకుపచ్చ మోటారువి, మిగిలిన మూడూ లోపలి స్విచ్‌వి. మీ తలుపు ఒక్కటే లాక్ అయి మిగతావి కదలకపోతే మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి ఆ స్విచ్ చూడండి. నలుపు వైరు లాక్‌లో ఒక దానితో, అన్‌లాక్‌లో రెండో దానితో కలవాలి. అలా కలుస్తున్నా పనిచేయకపోతే మోటారు బిగించిన స్క్రూలు వదులై రాడ్డు పూర్తిగా నడవడం లేదేమో చూడండి. ఈ కిట్లలో అది మామూలే. మోటారును సరైన చోటికి జరిపి బిగిస్తే చాలు.