బీచ్ కొలత, 4వ పాఠం: ఇసుక లెక్కకు ముందు నీటి అంచు గొడవ

ఈ వారం రెండు నెలల కొలతల్ని పక్కపక్కన పెట్టి, మీటరు ఒడ్డుకి ఎంత ఇసుక పోయిందో లెక్కగట్టాలి. గడతాం, కానీ చివర్లో. 3వ పాఠం తర్వాత మీరు పంపిన కొలత కాగితాలు చూశాక ముందు వాటి సంగతి తేలాలనిపించింది. ఆ తప్పులు అలాగే ఉంచి కూడికలు మొదలుపెడితే, పాడైన పాలతో పెరుగు తోడేసినట్టే.

కర్రల తయారీ మళ్ళీ చెప్పను. 1.5 మీటర్ల కర్రలు రెండు, వాటి మీద సెంటీమీటరు గీతలు, మధ్యన 1.5 మీటర్ల తాడు. కర్రల్ని తాడంత దూరం ముందుకి జరిపి ఒకసారి కొలిస్తే అది ఒక అడుగు. 1961లో సముద్ర భూగర్భ శాస్త్రవేత్త కె.ఓ. ఎమరీ రాసిన పద్ధతికి ఇంతకు మించి సరంజామా అక్కర్లేదు. గీతల సున్నా కర్ర తలమీద ఉండాలి. టేపుని కింది నుంచి అంటించినవాళ్ళు దాన్ని పీకి తిరగేయండి. ప్రతి అంకెనీ 150 లోంచి తీసేస్తూ పోతే ఇరవయ్యో అడుగు దగ్గర తప్పకుండా పొరబడతారు.

ఇక కూడిక, తీసివేత గుర్తులు. రోడ్డు వైపు ఉన్నది వెనక కర్ర, సముద్రం వైపు ఉన్నది ముందు కర్ర. మీరు వెనక కర్ర దగ్గరే నిలబడి ఆకాశం, సముద్రం కలిసే గీతని చూస్తారు. ఒడ్డు సముద్రం వైపు దిగుతుంటే ముందు కర్ర తల కిందికి ఉంటుంది. అప్పుడు కన్ను కిందికి దించి, ముందు కర్ర తలని ఆ గీతకి ఆనించి, మీ చూపు వెనక కర్రని ఎక్కడ తాకుతోందో ఆ అంకె రాసుకోవాలి. అది దిగుడు, తీసివేత గుర్తు. ఒడ్డు సముద్రం వైపు ఎక్కుతుంటే వెనక కర్ర తలని గీతకి ఆనించి, ముందు కర్ర మీద అంకె చదవాలి. అది ఎక్కుడు, కూడిక గుర్తు. అంకె దగ్గరి కర్ర మీద చదివితే దిగుడు, దూరపు కర్ర మీద చదివితే ఎక్కుడు. ఇంకేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఒడ్డంటే దిగడమే కదా అనుకుని చాలామంది అన్నిటికీ తీసివేతే పెట్టేశారు. అలలు ఇసుకని తోసి పేర్చిన గట్టు, అదే బెర్మ్, మధ్యలో ఉంటుంది. దాని వెనక వైపు నేల సముద్రం వైపు ఎక్కుతుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో గోడ మెట్టు దగ్గర మొదలై సముద్రం వైపు సాగే ఒక కొలత గీత మీద పది అడుగుల అంకెలు చూడండి, అన్నీ సెంటీమీటర్లలో: −4, −2, 0, +3, +5, −6, −14, −19, −21, −17. వరసగా కలుపుకుంటూ పోతే −4, −6, −6, −3, +2, −4, −18, −37, −58, −75. అంటే పదో అడుగు దగ్గర, 15 మీటర్ల దూరంలో, ఒడ్డు మెట్టు కన్నా 75 సెంటీమీటర్లు కిందుంది. +3, +5 లకి తీసివేత పెడితే అదే −91 అవుతుంది. తేడా 8 కాదు, 16. గుర్తు తప్పితే దెబ్బ రెట్టింపు. పైగా గట్టు మాయమై, బొమ్మలో ఒడ్డంతా నున్నగా జారుడుబల్లలా కనిపిస్తుంది. కాగితం మీద గట్టు లేకుండా వచ్చిందంటే ముందు గుర్తుల్నే అనుమానించండి.

కర్ర దిగబడడం రెండో గొడవ. తడి ఇసుకలో ముందు కర్ర రెండు సెంటీమీటర్లు కూరుకుపోతే ఆ అడుగు దిగుడు రెండు ఎక్కువ పడుతుంది. తర్వాతి అడుగులో వెనక కర్ర అదే చోట అంతే కూరుకుంటే తప్పు తనంతట తనే కొట్టేసుకుపోతుంది. కూరుకోకపోతే ఆ రెండు సెంటీమీటర్లు గీత చివరిదాకా మోసుకుపోతారు. అందుకే కర్ర అడుక్కి పది సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్క కొట్టుకోండి. గొట్టమైతే మూతి మూసిన అట్టడుగు ఉండాలి. ఖాళీ పీవీసీ గొట్టం తడి ఇసుకలోకి కత్తిలా దిగుతుంది. బరువున్నా నాకు చెక్క కర్రే ఇష్టం. గాలికి పీవీసీ ఊగుతుంటే అరసెంటీమీటరు ఎవరు చదువుతారు?

తాడు గురించి ఒక్క మాట. దాన్ని మట్టంగా లాగి పట్టాలి, ఇసుక వాలు వెంబడి పరిచి కాదు. 30 సెంటీమీటర్లు దిగే చోట వాలు వెంబడి 1.5 మీటర్లు పెడితే అడ్డంగా వచ్చేది 1.47 మాత్రమే. అలాంటి అడుగులు పదైతే 30 సెంటీమీటర్లు గల్లంతు.

ఏ వేళప్పుడు వెళ్ళాలి? అందరూ వాకింగుతో పాటు పనైపోతుందని పొద్దున్నే వెళ్తున్నారు. విశాఖ ఒడ్డు ఆగ్నేయానికి తిరిగి ఉంది. పొద్దున సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు, చలికాలంలో దాదాపు మీ ముఖానికి ఎదురుగానే. నీళ్ళ మెరుపులో ఆ గీత కనపడదు. మంచు పొర ఉంటే అసలు గీతే ఉండదు, కళ్ళు ఊహించుకుని పెట్టేసుకుంటాయి. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు వీపు వెనక్కి వస్తాడు, గీత కొడవలి అంచులా తేలుతుంది. ఆటు సమయం సాయంత్రానికి పడే రోజుల్ని ఎంచుకోండి.

భూమి గుండ్రం కదా, ఆ గీత నిజంగా మట్టమేనా అని అడిగినవాళ్ళున్నారు. మట్టం కాదు, కాస్త కిందికుంటుంది. కన్ను సముద్రానికి 4 మీటర్ల ఎత్తులో ఉంటే అడుక్కి ఒకటిన్నర మిల్లీమీటర్లు తేడా, పది అడుగులకి ఒకటిన్నర సెంటీమీటర్లు. ఈ నెల కొలత గీతలోనూ, వచ్చే నెల కొలత గీతలోనూ అంతే ఉంటుంది కాబట్టి రెండిటినీ పోల్చేటప్పుడు పోతుంది. వదిలేయండి.

ఇప్పుడు అసలు చిరాకు.

ఒక కాగితం మీద బీచ్ వెడల్పు ఉదయం 38 మీటర్లు, సాయంత్రం 29 అని రాసి, కింద ఎర్ర సిరాతో "ఒక్క రోజులో 9 మీటర్ల కోత" అని ఉంది. ఆ ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. దాదాపు సగం కాగితాల్లో ఏదో ఒక రూపంలో ఇదే ఉంది. నీటి అంచు ఒడ్డు కాదు. నీటి అంచు అంటే ఆ క్షణాన నీటిమట్టం ఇసుక వాలుని కోసిన చోటు. నీటిమట్టం మారితే ఆ అంచు ముందుకో వెనక్కో జరుగుతుంది. ఇసుక రేణువు ఒక్కటి కదలకపోయినా జరుగుతుంది.

లెక్క చూడండి. పైన ఇచ్చిన గీతలో ఏడు నుంచి పదో అడుగు దాకా 14, 19, 21, 17, మొత్తం 71 సెంటీమీటర్లు, 6 మీటర్ల దూరంలో. అంటే నీరు ఒక మీటరు లేస్తే అంచు ఎనిమిదిన్నర మీటర్లు వెనక్కి వస్తుంది. విశాఖలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. అమావాస్య, పౌర్ణమి దగ్గరి పెద్ద పోట్ల రోజుల్లో ఆటుకీ పోటుకీ సుమారు 1.4 మీటర్లు, సప్తమి, అష్టమి చిన్న పోట్ల రోజుల్లో అర మీటరు చిల్లర. 1.4 మీటర్లకి ఈ వాలు మీద అంచు 12 మీటర్లు ఆడుతుంది. వాలు ఇంకా తక్కువగా, 20 మీటర్లకి ఒక మీటరు దిగే (1:20) ఒడ్డు మీద 28 మీటర్లు. మరి ఆ 9 మీటర్ల కోత ఎక్కడిది? పొద్దున ఆటు, సాయంత్రం పోటు.

ఆటుపోట్లొక్కటే అయితే పట్టిక చూసి సరిపెట్టుకోవచ్చు. వాయుగుండం పడి గాలి పీడనం 20 హెక్టోపాస్కల్‌లు తగ్గితే సముద్రం సుమారు 20 సెంటీమీటర్లు ఉబ్బుతుంది. మన వాలు మీద అది 1.7 మీటర్లు. పైగా ఏడాదిలో మన తీరంలో సముద్రమట్టం మార్చి ప్రాంతాల్లో తక్కువగా, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా ఉంటుంది. కాబట్టి మార్చి ఫొటో, నవంబరు ఫొటో పక్కపక్కన పెట్టి "అప్పుడు, ఇప్పుడు" అంటే ఆ జంట అబద్ధమే చెబుతుంది. ఉపగ్రహ చిత్రాలకీ ఇదే వర్తిస్తుంది. చిత్రం తీసిన గంట తెలియకుండా, ఆ గంటకి నీటిమట్టం చూసుకోకుండా అంచు మీద గీత గీయకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక తీసిన ఫొటోలని వేసవి ఫొటోలతో పోల్చినా అంతే. తుఫాను కోత ఎంత, నీటిమట్టం ఆట ఎంత అన్నది ఆ జంటలోంచి విడదీయలేం.

అంచు కావాలంటే ఎత్తుని పట్టుకోండి, నీళ్ళని కాదు. "మెట్టు కన్నా 75 సెంటీమీటర్లు కింద" అనేది ఒక గుర్తు. ఒడ్డు ఆ ఎత్తుకి ఎన్ని మీటర్ల దగ్గర దిగుతోందో నెలనెలా చూడండి. అప్పుడు పోటైనా ఆటైనా ఒక్కటే. నెల తర్వాత అదే మెట్టు నుంచి, అదే దిక్కుకి మళ్ళీ కొలిస్తే వచ్చిన అంకెలు ఇవి అనుకుందాం: −4, −3, −3, −5, −6, −9, −13, −15, −16, −16. కలిపితే −4, −7, −10, −15, −21, −30, −43, −58, −74, −90. మొదటిసారి −75 పదిహేను మీటర్ల దగ్గర వచ్చింది. ఈసారి 13.5 మీటర్ల దగ్గర −74, 15 దగ్గర −90, కనుక −75 సుమారు 13.6 దగ్గర. ఒడ్డు వెనక్కి జరిగింది 1.4 మీటర్లు. తొమ్మిది కాదు.

ఇసుక లెక్కకి ఇక సగం పనే మిగిలింది. రెండు వరసల తేడా తీయండి, కొత్తది లోంచి పాతది: 0, −1, −4, −12, −23, −26, −25, −21, −16, −15. మొదటి అడుగు సున్నా వచ్చింది, మెట్టు కదల్లేదని ధీమా. అన్నీ కూడితే −143. చివరి అంకె సగం అడుగుకే వర్తిస్తుంది కాబట్టి అందులో సగం, 7.5, తగ్గించండి: 135.5. అడుగు పొడవు 1.5 తో గుణించి, సెంటీమీటర్లని మీటర్లు చేయడానికి 100 తో భాగిస్తే 2.03. మీటరు ఒడ్డుకి రెండు ఘనమీటర్ల ఇసుక తగ్గింది, ఎక్కువభాగం గట్టు దగ్గరే.

దీన్ని ఎంత నమ్మొచ్చు? ఒక్కో అంకె చదవడంలో అరసెంటీమీటరు తడబాటు అనుకుంటే పది అడుగుల చివర ఒకటిన్నర దాకా పోగవుతుంది, రెండు గీతల తేడాలో రెండు దాటుతుంది. 26 సెంటీమీటర్ల తగ్గుదల నిజం. రెండో అడుగు దగ్గరి ఒక్క సెంటీమీటరు ఏమీ కాదు, దాని మీద కథ అల్లొద్దు.

వంద మీటర్లకి 203 ఘనమీటర్లు అని గుణించేయొద్దు కూడా. ఒడ్డు వెంబడి నెలవంకల్లా వంపులుంటాయి. ఈ నెల మీ గీత కొమ్ము మీద, వచ్చే నెల గుంటలో పడితే ఇసుక ఎక్కడికీ పోకుండానే లెక్కలో పోతుంది. వంద మీటర్ల మాట చెప్పాలంటే ఇరవయ్యేసి మీటర్ల ఎడంలో కనీసం ఐదు గీతలు కావాలి.

కాగితం మీద రాయాల్సినవి మరో రెండున్నాయి. రేవులో తవ్వి తీసిన ఇసుకని ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. గొట్టాలు, పడవ కనిపిస్తే తేదీ వేయండి. లేకపోతే మనిషి పోసిన ఇసుకని సముద్రం తెచ్చిందని రాసుకుంటారు. రెండోది నల్ల ఇసుక. ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువు రేణువులు, తేలికైన తెల్ల ఇసుక అలలకి కొట్టుకుపోయాక మిగిలిపోతాయి. గోడ కింద నల్లటి, ఎర్రటి పొర కొత్తగా పరుచుకుని ఉంటే అక్కడ ఈమధ్యే ఇసుక కోసుకుపోయిందని గుర్తు. కర్రలు పట్టకముందే దాని ఫొటో తీసుకోండి, తొక్కాక పనికిరాదు.

అభ్యాసం: ఒకే మెట్టు, ఒకే దిక్కు, ఒకే ఆటు. ఆ గీతని వెంటవెంటనే ఐదుసార్లు కొలవండి, ప్రతిసారీ కర్రలు మార్చుకుని. ఐదు చివరి అంకెలూ మూడు సెంటీమీటర్ల లోపు పడాలి. పడకపోతే నెల కొలతలు మొదలుపెట్టకండి, ఆరోసారి కొలవండి. పడ్డాక అమావాస్య నుంచి పౌర్ణమి దాకా రోజూ ఆటు సమయానికి అదే గీత కొలవండి. ఆటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. చీకటి పడే రోజులు వదిలేసి, వదిలేశామని రాయండి. నీటి అంచు దూరం కూడా ఒక వరసలో రాసుకోండి. దాని పక్కనే −75 దూరం. పదిహేను రోజులు అయ్యాక ఆ రెండు వరసల్నీ ఒకే గ్రాఫు కాగితం మీద గీసి పంపండి. గీత చివర మోకాలి లోతు దాటి ఎవరూ దిగొద్దు. అల వెనక్కి లాగేటప్పుడు కర్ర పట్టుకున్న మనిషికి ఒక చేయి ఖాళీ ఉండదు.