విక్టోరియా కాలం పేపర్లలో నాటకాల కబుర్లు వెతకాలంటే

పాత పత్రికల సైట్లకు ముందే డబ్బు కట్టకండి. వేల్స్ జాతీయ గ్రంథాలయం పాత పత్రికలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. నేనూ అక్కడే మొదలుపెట్టాను. రివ్యూ రాసినవాళ్ల పేరుతో వెతకొద్దు, అప్పట్లో చాలావాటికి పేరే ఉండదు. నాటకశాల పేరు, తేదీ పట్టుకోండి. పాంటోమైమ్‌లు (క్రిస్మస్ రోజుల్లో వేసే పాటల హాస్య నాటకాలు) ఎక్కువగా డిసెంబరు 26న మొదలయ్యేవి కాబట్టి 27 నాటి దినపత్రిక తీయండి.

ఏమీ దొరక్కపోతే టెన్షన్ పడొద్దు. మసక అచ్చును కంప్యూటర్ తప్పుగా చదువుతుంది, చిన్న ‘హెచ్’ను ‘బి’ అనుకుంటుంది. అది తెలియక నేను ఓ సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. అక్షరాలు మార్చి వెతకండి, లేదా పేజీ తెరిచి కళ్లతోనే చదవండి. పక్కనున్న మందుల ప్రకటనల్లో పడ్డారో, రాత్రి రెండవుతుంది!

నటుల సంగతులు కావాలంటే 1838లో మొదలైన ‘ది ఎరా’ వారపత్రిక చూడండి. వాళ్లు పని కోసం ఇచ్చుకున్న ప్రకటనలు కూడా అందులో ఉంటాయి.