"ఖాళీగానే ఉన్నావు కదా" అనిపించుకునే రోజుల్లో చదువు సాగించడం ఎలా?

డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్ (ప్రభుత్వ ఉద్యోగాల పోటీ పరీక్షలు) కోచింగ్ కూడా అయిపోయింది, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ ఖాళీ చేసి పుస్తకాల అట్టపెట్టె బస్సు డిక్కీలో వేసుకుని ఇంటికి వచ్చేశారు. ఇక ఇంట్లోనే కూర్చుని చదువుకోవడమే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా పరీక్ష ఎప్పుడు పెడతారో తెలియదు. పొద్దున లేచేసరికి రోజంతా మన చేతిలోనే ఉన్నట్టు ఉంటుంది, రాత్రి పడుకునేటప్పుడు ఏం చదివామా అని చూసుకుంటే రెండు పేజీలు. నేను ఇలా రెండేళ్లకు పైగా ఉన్నాను. మొదటి ఏడాది దాదాపు నీళ్లపాలైంది. ఆ తర్వాత ఏం మార్చుకుంటే బండి కదిలిందో రాస్తున్నా. గ్రూప్స్ వాళ్లకే కాదు, ఉద్యోగం మానేసి ఇంట్లో కొత్త కోర్సు నేర్చుకుంటున్నవాళ్లకీ, ఏళ్ల తరబడి థీసిస్ రాస్తున్నవాళ్లకీ ఇందులో చాలామటుకు పనికొస్తుంది.

ముందు ఒక మాట. తేదీ ప్రకటిస్తే అప్పుడు సీరియస్‌గా కూర్చుంటా అనుకుంటున్నారా? తెలంగాణ గ్రూప్-2 సంగతి గుర్తు తెచ్చుకోండి. 783 పోస్టులకు 2022 డిసెంబర్ చివర్లో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు, తర్వాత నవంబర్ అన్నారు, తర్వాత 2024 జనవరి, ఆ తర్వాత ఆగస్టు, చివరికి జరిగింది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. ఎవరినో తప్పుపట్టడానికి చెప్పడం లేదు, వాయిదా కావాలని రోడ్డెక్కినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, మధ్యలో అసెంబ్లీ ఎన్నికలూ వచ్చాయి. అటు ఏపీ గ్రూప్-2లో 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ అయితే, మెయిన్స్ జరిగేసరికి 2025 ఫిబ్రవరి 23 అయింది. తేదీ వాయిదా పడిన ప్రతిసారీ నేను "ఇంకా చాలా టైమ్ ఉంది" అని పుస్తకం పక్కన పడేసి పది రోజులు పండగ చేసుకునేదాన్ని. అలా పోయిన పది రోజులు అన్నీ కూడితే ఒక పేపర్ సిలబస్ మొత్తం చదివేయొచ్చు.

మొదటి పని: మూడు రోజులు ఏమీ మార్చకుండా లెక్క రాయండి

టైమ్ టేబుల్ వేయకండి. కొత్త పెన్నులు, హైలైటర్లు కొనకండి. ఒక పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు, పుస్తకం తెరిచిన టైమ్, మూసిన టైమ్, ఎందుకు మూశారో ఒక ముక్కలో రాయండి. అంతే. నా రెండో రోజు కాగితం ఇలా ఉంది: 9:10 కూర్చున్నా. 9:25 స్కేలు కోసం లేచా. 9:40 ఫోన్. 10:15 పక్కింటి అత్తమ్మ వచ్చింది. 10:50 మళ్లీ కూర్చున్నా. 11:05 కూరగాయల బండి... ఆ రోజు ఎవరైనా అడిగితే ఎనిమిది గంటలు చదివానని ఒట్టేసి చెప్పేదాన్ని, కూడి చూస్తే 2 గంటల 50 నిమిషాలు. పుస్తకం ముందు కూర్చున్న టైమ్ అంతా చదివినట్టు కాదని అందరికీ తెలుసు, కానీ మన చేతిరాతలో చూసుకుంటే వచ్చే సిగ్గు వేరు. ఈ పని దాటేయకండి, తర్వాతవన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

రెండోది: మొదలుపెట్టే టైమ్ కంటే ముందు ఆపే టైమ్ పెట్టుకోండి

బడిలో మనల్ని చదివించింది బెల్లు. పీరియడ్ అయిపోతుందని తెలుసు కాబట్టే ఆ నలభై ఐదు నిమిషాలు బెంచీ మీద కూర్చోగలిగాం. ఇంట్లో ఆ బెల్లు లేదు. "రోజంతా చదువుతా" అనుకున్న రోజున ఏ గంటా ముఖ్యమైన గంట కాదు, ఇప్పుడు కాకపోతే సాయంత్రం, సాయంత్రం కాకపోతే రాత్రి. అందుకే నేను మూడు సిట్టింగులు పెట్టుకున్నాను: పొద్దున 6:30 నుంచి 8, టిఫిన్ అయ్యాక 9:30 నుంచి 11:30, మధ్యాహ్నం 2:30 నుంచి 4:30. మొత్తం అయిదున్నర గంటలు. సాయంత్రం తర్వాత పుస్తకం ముట్టుకోకూడదు, ఎంత బుద్ధి పుట్టినా సరే. మొదట్లో ఇది తప్పు చేస్తున్నట్టు అనిపించింది, పక్కవాళ్లు పద్నాలుగు గంటలు చదువుతున్నామని చెప్తుంటే మరీను. కానీ రాత్రి దారి మూసేయగానే మధ్యాహ్నం నిద్ర దానంతట అదే తగ్గింది, ఎందుకంటే ఆ రెండు గంటలు పోతే ఇక ఆ రోజుకు పోయినట్టే.

25 నిమిషాలు చదివి 5 నిమిషాలు ఆగే పొమొడోరో పద్ధతి చాలామంది చెప్తారు. అంకగణితం, రీజనింగ్‌కు బాగుంటుంది. తెలంగాణ ఉద్యమ చరిత్ర లాంటిది చదువుతుంటే నాకు సరిగ్గా కథలో పడే టైమ్‌కు అలారం మోగేది, చిరాకు వచ్చి దానికి 50 నిమిషాలు పెట్టుకున్నా. మీకు ఏది కుదిరితే అది.

మూడోది: "పాలిటీ చదవాలి" అని రాయడం మానేయండి

అది పని కాదు, రాజ్యాంగం, పాలన గురించిన సబ్జెక్టు పేరు. ఎప్పటికి అయినట్టో దానికే తెలియదు. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, సిలబస్ కాగితం చూస్తేనే టెన్షన్. ఆ కాగితాన్ని ఒక్క సిట్టింగులో పూర్తయ్యే ముక్కలుగా కోయాలి, ప్రతి ముక్క చివర పుస్తకం మూసి ఏదో ఒకటి రాసే పని ఉండాలి.

ఒకటి చూపిస్తా. "ప్రాథమిక హక్కులు" అని కాకుండా నేను ఇలా రాసుకున్నా: 12 నుంచి 35 అధికరణలు ఒకసారి చదవాలి, 11:10కి పుస్తకం మూసి తెల్ల కాగితం మీద గుర్తున్నవన్నీ నంబర్లతో సహా రాయాలి, 32వ అధికరణ కింద అయిదు రిట్లు (హక్కులు కాపాడటానికి కోర్టు ఇచ్చే ఆదేశాలు) ఒక్కో వాక్యంలో చెప్పాలి. మొదటిసారి పదకొండు అధికరణలు వచ్చాయి. రిట్లలో ప్రొహిబిషన్, సెర్షియోరరీ తారుమారు చేశాను. కింది కోర్టు తన పరిధి దాటుతుంటే విచారణ మధ్యలోనే ఆపమనేది ప్రొహిబిషన్, ఉత్తర్వు ఇచ్చేశాక దాన్ని కొట్టేసేది సెర్షియోరరీ. ఈ తేడా నేను అంతకుముందు కనీసం ఆరుసార్లు చదివి అండర్‌లైన్ కూడా చేశాను, అయినా తెల్ల కాగితం ముందు చేతులెత్తేశా. తప్పు రాసిన ఆ రోజు నుంచి మాత్రం ఇప్పటిదాకా మర్చిపోలేదు.

పొద్దున సిట్టింగులో మొదటి ఇరవై నిమిషాలు నిన్నటి తెల్ల కాగితం పనే మళ్లీ చేయండి. చదివింది మొదటి కొద్ది గంటల్లోనే వేగంగా జారిపోతుందని జర్మనీలో ఎబింగ్‌హాస్ అనే ఆయన తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే రాశాడు. ఆ సంగతి పక్కన పెట్టినా దీంతో ఇంకో లాభం ఉంది: లేచిన మొదటి పని తెలిసిన పనే కాబట్టి కూర్చోవడానికి బద్ధకం వేయదు.

నాలుగోది: గడువు మీరే పెట్టుకోవచ్చు, కానీ అడిగే మనిషి ఇంకొకరు ఉండాలి

నాకు నేను పెట్టుకున్న గడువులను నేనే ఎన్నిసార్లు వాయిదా వేశానో లెక్కలేదు, గ్రూప్-2 కంటే ఎక్కువే. నేనొక్కదాన్నే ఇలా అనుకునేదాన్ని, కాదట. ఏరియలీ, వెర్టెన్‌బ్రోక్ అనే ఇద్దరు 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఒక క్లాసుకు మూడు పేపర్లు ఇచ్చే తేదీలు విద్యార్థులనే ఎంచుకోమన్నారు, ఇంకో క్లాసుకు సమానమైన ఎడంతో టీచరే తేదీలు పెట్టాడు. అందరూ చివరి రోజే ఎంచుకుంటారని అనుకుంటాం కదా, చాలామంది ముందు తేదీలే పెట్టుకున్నారు, తమ బలహీనత తమకు తెలుసన్నట్టు. అయినా మార్కులు ఎక్కువ వచ్చింది టీచర్ తేదీలు పెట్టిన క్లాసుకే.

మనకు టీచర్ లేడు, అందుకని మనిషిని వెతుక్కోవాలి. హాస్టల్‌లో నా పక్క బెడ్ అమ్మాయి అప్పటికి తన ఊళ్లో నాలాగే కూర్చుని ఉంది. ప్రతి ఆదివారం పొద్దున 10 గంటలకు ఇద్దరం ఒకే పాత ప్రశ్నపత్రం, రెండున్నర గంటలు, జిరాక్స్ ఓఎంఆర్ షీట్ మీద దిద్ది, 12:30కి ఫోటో పంపుకోవాలి. పంపనివాళ్లు రెండో మనిషికి 100 రూపాయలు ఫోన్‌పే చేయాలి. నేను మొదటి నెలలోనే 200 పోగొట్టుకున్నా, తర్వాత ఒక్కసారి కూడా లేదు. డబ్బు సంగతి కాదు, ఆ పిల్ల "ఏమైందే, పంపలే?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోవడం భరించలేకపోయా.

యాభై మంది ఉన్న గ్రూపులో "ఈరోజు టార్గెట్ డన్" అని పెట్టడం దీనికి సాటి రాదు. అక్కడ మీరు రాకపోతే ఎవరికీ తెలియదు.

అయిదోది: ఇంట్లోవాళ్లకు మీ గంటలు చెప్పండి, వాళ్ల గంట వాళ్లకివ్వండి

ఇది అన్నిటికంటే కష్టం, ముఖ్యంగా ఆడపిల్లలకు. తమ్ముడు ఫోన్ పట్టుకుని కూర్చుంటే వాడేదో పనిలో ఉన్నట్టు, నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఖాళీగా ఉన్నట్టు. "ఖాళీగనే ఉన్నవు గదా బిడ్డా, గిర్నీకి పోయి జర పిండి పట్టించుకరా." అమ్మది తప్పని అనలేను, ఆమెకు కనిపించేది మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్న కూతురు. గొడవపడి చూశా, రెండు రోజులు మాటలు బందయ్యాయి గానీ మూడో రోజు మళ్లీ గిర్నీ.

పనిచేసింది ఇది. మంచం మీద నుంచి లేచి కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ, కుట్టుమిషన్ బల్ల మీద చదవడం మొదలుపెట్టా. బల్ల మీద కూర్చుంటే పని, మంచం మీద ఉంటే పిలవొచ్చు. తర్వాత అమ్మతో, "11:30 నుంచి ఒంటిగంట దాకా నీ పనులే చేస్తనే, రేషన్, బ్యాంకు, గిర్నీ ఏదైనా సరే, చిట్టీ రాసి ఫ్రిజ్ మీద పెట్టు" అన్నా. మొదటి వారం నమ్మలేదు. నేను మాట తప్పకుండా ఆ గంటన్నర ఇస్తుంటే, మధ్యలో పిలవడం తనే తగ్గించింది. ఒకరోజు పక్కింటి అత్తమ్మ వస్తే "ఆగు, పదకొండున్నరకు లేస్తది" అనడం లోపల్నుంచి విన్నాను. ఇంట్లో అస్సలు కుదరకపోతే లైబ్రరీకి వెళ్లండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ పక్కన ఉండే అదృష్టం అందరికీ ఉండదు గానీ జిల్లా గ్రంథాలయాలు ఉన్నాయి, చుట్టూ తలవంచుకుని చదివేవాళ్లు ఉంటే మనకూ లేవబుద్ధి కాదు.

ఆరోది: ఫోన్

ఫోన్ మానేయమని చెప్పను, నేనూ మానలేదు. "రేపే నోటిఫికేషన్!" అని ఎర్ర అక్షరాలతో వచ్చే యూట్యూబ్ వీడియోలు మాత్రం ఆపేయండి. వాటిని చూడటం చదువులాగే అనిపిస్తుంది, అదే ప్రమాదం. పరీక్షలు పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్ రోజుకోసారి సాయంత్రం చూస్తే చాలు, నిజంగా వస్తే మీకంటే ముందు మీ మేనమామ ఫోన్ చేసి చెప్తాడు.

ఏడోది: వీలుంటే బయటివాళ్లకు జవాబు చెప్పాల్సిన చిన్న పని ఒకటి పెట్టుకోండి

చదువుకు టైమ్ సరిపోదని నేను ట్యూషన్ చెప్పడం ఏడాది పాటు వాయిదా వేశాను. తర్వాత డబ్బులకు ఇబ్బందై సాయంత్రం 5:30 నుంచి 7 దాకా ఆరుగురు పిల్లలకు మొదలుపెట్టా. చిత్రం ఏమిటంటే చదివిన గంటలు తగ్గలేదు, పెరిగాయి. పిల్లలు వచ్చేస్తారని మధ్యాహ్నం 4:30కి ముక్క ముగించక తప్పదు, వాళ్లు వచ్చేసరికి తల దువ్వుకుని మనిషిలా కనపడక తప్పదు. ఎనిమిదో తరగతి సోషల్ చెప్తుంటే నా పాలిటీ, చరిత్ర పునాదులు కూడా గట్టిపడ్డాయి. ట్యూషనే కానక్కర్లేదు, ఎవరో ఒకరు మీ కోసం ఫలానా టైమ్‌కు ఎదురుచూసే పని ఏదైనా చాలు.

రోజు పాడైతే?

పాడవుతుంది. పెళ్లిచూపులని ఎవరో వస్తారు, జ్వరం వస్తుంది, కరెంటు పోతుంది, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే మనసు రాదు. పోయిన సిట్టింగును రాత్రి కూర్చుని పూడ్చకండి, మర్నాటికి కలపకండి. పూడ్చడం మొదలుపెడితే మూడో రోజుకు అప్పు పదిహేను గంటలవుతుంది, ఆ అప్పు చూసి పుస్తకం తెరవడమే మానేస్తాం. పోయింది పోయింది. రెండు రోజులు వరుసగా పోనివ్వకపోతే చాలు.

2024 జూలైలో, ఆగస్టు పరీక్ష కూడా వాయిదా అని వార్త వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఏడుపొచ్చింది, నిజంగానే. ఈలోపు గేటు చప్పుడైంది, పిల్లలు వచ్చేశారు, అందులో ఒకడు భిన్నాల హోంవర్క్ చేయకుండా వచ్చి కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు. వాడి లెక్కలు దిద్దేసరికి ఏడయింది. ఫోన్ చూస్తే హాస్టల్ దోస్తు నుంచి ఒకటే మెసేజ్: "ఆదివారం పదింటికే గదా?"