పాత స్ట్రాటోకాస్టర్ కొనే ముందు నెక్ విప్పించి చూడండి

1954లో ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రాటోకాస్టర్ వచ్చింది. 1965 జనవరిలో లియో ఫెండర్ తన కంపెనీని ప్రసార సంస్థ అయిన సీబీఎస్‌కు అమ్మేశాడు. ఈ మధ్యకాలంలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో తయారైన గిటార్లనే ప్రీ-సీబీఎస్ అంటారు. వాటి ధర కొత్త కారు ధరతో పోటీ పడుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ, ఎన్నాళ్లనుంచో కూడబెట్టిన డబ్బుతో ఒకటి కొనాలనుకునే మనవాళ్లు నన్ను అడుగుతుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అందరూ ముందు సీరియల్ నంబర్ చూస్తారు. దాన్ని నమ్మకండి. ఆ నంబర్ ఉన్నది నెక్ (తీగలు నొక్కే పొడవాటి భాగం) బాడీతో కలిసేచోట, వెనకవైపు నాలుగు స్క్రూలతో బిగించిన రేకు మీద. అది ఐదు నిమిషాల్లో మారిపోతుంది. "మా తాతయ్య కొన్నప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు" లాంటి కథలూ అంతే. చూడాల్సింది లోపల.

నెక్ విప్పడానికి యజమాని ఒప్పుకోవాలి. ఆయన ముందే, వీలైతే పాత గిటార్లు బాగుచేసే మనిషి చేత విప్పించండి. ఒప్పుకోకపోతే ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి. ముందు తీగలు వదులు చేయాలి. మొదటి ఫ్రెట్ (నెక్ మీది లోహపు గీత) దగ్గర కాపో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు) పెడితే తీగలు చిక్కుపడవు. తిరిగి బిగించేటప్పుడు స్క్రూను మొదట వెనక్కి తిప్పండి. పాత మరలో టక్కున కూర్చున్నట్టు తెలుస్తుంది, అప్పుడు ముందుకు తిప్పండి. లేకపోతే అరవై ఏళ్ల చెక్కలో కొత్త మర కోసుకుపోతుంది.

నెక్ చివర "2 మార్ 63 బి" అని ముద్ర ఉందనుకోండి. చాలామంది మార్చి 2 అని చదువుతారు. ఆ 2 తేదీ కాదు, స్ట్రాటోకాస్టర్ మోడల్ గుర్తు. బి అంటే నెక్ వెడల్పు. 1962కు ముందైతే ముద్ర బదులు పెన్సిల్ రాత ఉంటుంది. తర్వాత వాల్యూమ్, టోన్ పాట్స్ (తిప్పే గుండీల కింద ఉండే భాగాలు) చూడండి. 304 6318 అని ఉంటే స్టాక్‌పోల్ కంపెనీది, 1963లో పద్దెనిమిదో వారంలో తయారైంది. 137 అంటే సీటీఎస్ కంపెనీది. పాట్స్ నెక్ కంటే కొన్ని నెలలు పాతవైతే ఫర్వాలేదు. ఏళ్ల తేడాతో కొత్తవైతే మార్చినట్టే. టంకం చుక్కలు మసకబారి ఉండాలి. ఒకచోట మాత్రం తళతళలాడుతుంటే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు.

అసలు పరీక్ష రంగుది. మళ్లీ రంగు వేసిన గిటార్ ధర సుమారు సగానికి పడిపోతుంది. 1964 వరకు ఫ్యాక్టరీలో బాడీకి చిన్న మేకులు కొట్టి, వాటి మీద నిలబెట్టి రంగు ఆరబెట్టేవారు. తర్వాత మేకులు పీకేసేవారు. అందుకే పిక్‌గార్డ్ (తీగల కింద బాడీ మీద బిగించిన ప్లాస్టిక్ పలక) కింద ఉన్న ఆ చిల్లుల్లో పచ్చి చెక్క కనిపించాలి. ఒకసారి ఒక సన్‌బర్స్ట్ (మధ్యలో పసుపు, అంచుల్లో ముదురు రంగు) గిటార్ దగ్గర టార్చి వేసి చూశాను. బయట అంతా సరిగ్గానే ఉంది, నెర్రెలు కూడా అందంగా ఉన్నాయి. చిల్లు అంచు దాటి లోపలికి మాత్రం పసుపు రంగు కారి, ఆ చిల్లు గోడ పొడవునా గట్టిపడి ఉంది. అమ్మే ఆయనకూ అప్పటిదాకా తెలియదనుకుంటా, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కొనలేదు. అయితే ఒక్క చిల్లుతోనే తేల్చేయకండి, నకిలీ చేసేవాళ్లకూ ఈ విషయం తెలుసు. చీకటి గదిలో బ్లాక్‌లైట్ (అతినీలలోహిత దీపం) కూడా వేసి చూడండి. పాత నైట్రోసెల్యులోజ్ పూత పసుపు-ఆకుపచ్చగా మెరుస్తుంది, తర్వాత అద్దినచోట వేరుగా కనిపిస్తుంది.

పిక్‌గార్డ్ తీసేటప్పుడు మాత్రం ప్రాణం పెట్టి పనిచేయాలి. అప్పటి సెల్యులాయిడ్ ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోయి స్క్రూల దగ్గర లాగుతూ ఉంటుంది. కొంచెం బలవంతం చేస్తే పగులుతుంది. అది త్వరగా అంటుకునే పదార్థం కూడా, వేడి తగలనివ్వకండి. పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) చుట్టూ ఉన్న తీగ వెంట్రుకంత సన్నం, వేలితో తాకకండి.

ఫ్రెట్స్ మార్చినా నాకైతే అభ్యంతరం లేదు, వాయించిన గిటార్‌కు అది సహజం. నెక్ మెలితిరిగితే మాత్రం వద్దు.

వాయించి చూసేటప్పుడు పాత ఆంప్లిఫయర్ ఇస్తే దాని ప్లగ్ చూడండి. రెండు పిన్నులే ఉంటే ఎర్త్ లేనట్టు. ఒక చెయ్యి తీగల మీద ఉండగా మైకు తగిలితే షాక్ కొట్టవచ్చు.

ఇండియాకు తీసుకెళ్లాలనుకుంటే ఇంకో మాట. అప్పటి రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డుల్లో (నెక్ మీద వేళ్లు పెట్టే పలక) చాలావరకు బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి ఆ చెక్క సైటెస్ (అంతరించే జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది. అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటిస్తే జప్తు కావచ్చు. టికెట్ కొనే ముందే దరఖాస్తు పెట్టండి.

చలికాలంలో పార్శిల్‌లో వస్తే ఆత్రం ఆపుకోండి. చల్లటి పెట్టెను వెచ్చటి గదిలో వెంటనే తెరిస్తే పూత మీద కళ్ల ముందే నెర్రెలు పడవచ్చు. ఒక రాత్రంతా పెట్టె మూసే ఉంచి, పొద్దున తెరవండి.